నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉన్న బిడ్డను ఇంట్లో ఎలా చూసుకోవాలి?

"కిడ్నీలు పూర్తిగా పాడైపోతాయా?" "స్టెరాయిడ్లు ఇంత చిన్న వయసులోనా?" "వాపు మళ్లీ వస్తే ఏం చేయాలి?" పిల్లలకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని తేలిన ప్రతి ఇంట్లోనూ ఈ మూడు ప్రశ్నలే వినిపిస్తాయి. మందు రాసేది డాక్టరే. కానీ ఈ జబ్బులో రోజువారీ కాపలా అంతా ఇంట్లోనే జరుగుతుంది. ఆ కాపలా ఎలా కాయాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. పిల్లలకొచ్చే కిడ్నీ జబ్బులు చాలా రకాలు. పుట్టుకతో కిడ్నీ సరిగా ఏర్పడకపోవడం, మూత్రం వెనక్కి తన్నడం, కిడ్నీలో వడపోసే భాగం వాచే గ్లోమెరులోనెఫ్రైటిస్, దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం వంటివాటికి ఆహార నియమాలు, మందులు వేరు. ఇక్కడ రాసింది నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కు మాత్రమే. మీ బిడ్డకు ఉన్నది ఇదేనో కాదో రిపోర్టులో చూసుకుని ముందుకు వెళ్లండి.

ముందు భవిష్యత్తు సంగతి

అందరి మనసులోనూ మొదట ఉండేది ఇదే కాబట్టి మందుల కంటే ముందు ఇది చెబుతాను. ఈ జబ్బు ఎక్కువగా 2 నుంచి 6 ఏళ్ల మధ్య మొదలవుతుంది. కిడ్నీలో రక్తాన్ని వడపోసే పొర వదులై, రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతుంది. రక్తంలో అల్బుమిన్ తగ్గేసరికి ఒంటికి నీరు పడుతుంది. చిన్నపిల్లల్లో 10 మందిలో 8, 9 మందికి స్టెరాయిడ్ మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే ప్రొటీన్ పోవడం ఆగిపోతుంది. అలా ఆగినవాళ్లలో చాలా ఎక్కువమందికి పెద్దయ్యాక కూడా కిడ్నీలు మామూలుగానే పనిచేస్తాయి.

అయితే ఈ జబ్బుకు తిరగబెట్టే గుణం ఉంది. మొదటిసారి తగ్గిన పిల్లల్లో ఎక్కువమందికి కనీసం ఒక్కసారైనా మళ్లీ వస్తుంది. సగం మందికి పదే పదే వస్తుంది. ఇది చూసి తల్లిదండ్రులు "మందు పనిచేయడం లేదు, కిడ్నీ పాడైపోతోంది" అని కుంగిపోతారు. ఈ జబ్బులో భవిష్యత్తును చెప్పేది ఎన్నిసార్లు తిరగబెట్టింది అన్నది కాదు, తిరగబెట్టిన ప్రతిసారీ స్టెరాయిడ్‌కు లొంగుతోందా లేదా అన్నది. లొంగుతున్నంతవరకూ కిడ్నీ గురించి గుండె దిటవుగా ఉండొచ్చు. టీనేజీకి వచ్చేసరికి చాలామందికి ఇది తగ్గిపోతుంది, కొంతమందికి మాత్రం పెద్దయ్యాక కూడా అప్పుడప్పుడూ తిరగబెడుతుంది. స్టెరాయిడ్‌కు లొంగని రకం సంగతి వేరు, దాని గురించి చివర్లో రాశాను.

ఇంట్లో ఉండాల్సినవి

- మూత్రంలో ప్రొటీన్ చూసే స్ట్రిప్‌ల డబ్బా. అది దొరకకపోతే 3 శాతం సల్ఫోసాలిసిలిక్ యాసిడ్ ద్రావణం, ఒక గాజు టెస్ట్ ట్యూబ్.
- ఈ పనికి మాత్రమే వాడే చిన్న కప్పు. మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. సబ్బు, క్రిమిసంహారక ద్రావణం అంటితే స్ట్రిప్ తప్పు రంగు చూపిస్తుంది.
- సెకన్లు చూపించే గడియారం.
- బరువు తూచే మిషను. ఎప్పుడూ అదొక్కటే వాడాలి.
- థర్మామీటర్.
- అట్ట గట్టిగా ఉన్న ఒక నోట్‌బుక్.
- డాక్టర్ బీపీ చూడమంటే పిల్లల కొలత పట్టీ ఉన్న మిషను. పెద్దవాళ్ల పట్టీ చిన్న చేతికి చుడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, మరీ ఇరుకు పట్టీ ఎక్కువ చూపిస్తుంది.
- ఒక కాగితం మీద జబ్బు పేరు, ఇప్పుడు వాడుతున్న మందులు, మోతాదులు, పడని మందులు, డాక్టర్ ఫోన్ నంబరు. దాన్ని ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంచండి. అర్ధరాత్రి ఏదో ఒక ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే అక్కడి డ్యూటీ డాక్టర్ మొదట అడిగేవి ఇవే.

1. పొద్దున మొదటి మూత్రం పట్టండి

నిద్ర లేవగానే పోసే మొదటి మూత్రమే పరీక్షకు కావాలి. పగలంతా ఆడి గెంతిన పిల్లల మూత్రంలో జబ్బు లేకపోయినా కొంచెం ప్రొటీన్ కనిపించొచ్చు. నీళ్లు బాగా తాగాక పోసిన పల్చటి మూత్రంలో నిజంగా ఉన్న ప్రొటీన్ కూడా తక్కువగా కనిపించొచ్చు. అందుకే సాయంత్రం చేసిన పరీక్షను పొద్దుటి పరీక్షతో పోల్చొద్దు.

డైపర్ వేసుకునే పిల్లలైతే రాత్రి డైపర్‌లో శుభ్రమైన దూది ఉండలు రెండు మూడు పెట్టండి. పొద్దున వాటిని కప్పులోకి పిండితే పరీక్షకు చాలినంత మూత్రం వస్తుంది. మలం అంటిన దూదిని పారేయండి.

2. స్ట్రిప్ ముంచి, గడియారం చూస్తూ చదవండి

చేయి తడి లేకుండా తుడుచుకుని ఒక స్ట్రిప్ తీసి, డబ్బా మూత వెంటనే బిగించండి. రంగు గడి పూర్తిగా తడిసేలా మూత్రంలో ముంచి వెంటనే తీసేయండి. ఎక్కువసేపు నానబెడితే గడిలోని రసాయనం కరిగిపోయి ఫలితం తప్పుతుంది. తీసేటప్పుడు స్ట్రిప్ అంచును కప్పు అంచుకు ఆనించి అదనపు మూత్రం కారనివ్వండి. అడ్డంగా పట్టుకుని, డబ్బా మీద రాసిన సమయానికి రంగు చూడండి. చాలా స్ట్రిప్‌లకు ప్రొటీన్ గడి చదవాల్సింది 60 సెకన్ల దగ్గర. పళ్లు తోముకుని వచ్చి తీరిగ్గా చూస్తే రంగు ముదిరిపోయి ఉంటుంది.

గడి పసుపు రంగులోనే ఉంటే ప్రొటీన్ లేదు. ఆకుపచ్చ వైపు ఎంత ముదిరితే అంత ఎక్కువ ఉన్నట్టు. డబ్బా మీది పట్టీలో నిల్ (ఏమీ లేదు), ట్రేస్ (లేశమాత్రం), 1+, 2+, 3+, 4+ అని ఉంటాయి. 1+ అంటే డెసిలీటరుకు, అంటే 100 మిల్లీలీటర్లకు, ఇంచుమించు 30 మిల్లీగ్రాములు, 2+ అంటే 100, 3+ అంటే 300. అంటే 2+ నుంచి 3+కు జరగడం చిన్న మార్పు కాదు, ప్రొటీన్ మూడింతలైనట్టు. రంగును పగటి వెలుతురులో పోల్చండి. పసుపు పచ్చటి బల్బు కింద 1+, 2+ మధ్య తేడా కనిపించదు.

యాసిడ్‌తో చూసేవాళ్లు ఇలా చేయండి. మూత్రం మడ్డిగా ఉంటే కాసేపు కదపకుండా ఉంచి పైన తేరినది టెస్ట్ ట్యూబ్‌లో పోయండి. డాక్టర్ చెప్పినన్ని చుక్కలు యాసిడ్ వేసి మెల్లగా కలపండి. ట్యూబ్ వెనక అచ్చు అక్షరాలున్న కాగితం పట్టి చూడండి. కాస్త మసకగా ఉన్నా అక్షరాలు చదవగలిగితే 1+. అక్షరాలు చదవలేం గానీ నల్లటి మందపాటి గీతలు కనిపిస్తే 2+. ఏమీ కనిపించనంత పాలలా తెల్లబడితే 3+. విరిగిన పాలలా ముద్దలు కడితే 4+. యాసిడ్ సీసా పిల్లలకు అందని చోట, తాళం వేసి ఉంచండి.

3. ఫలితం నమ్మదగిందో కాదో చూసుకోండి

నిన్నటిదాకా నిల్ వచ్చి ఇవాళ హఠాత్తుగా 3+ వస్తే కంగారు పడేముందు రెండో స్ట్రిప్‌తో అదే మూత్రాన్ని మళ్లీ పరీక్షించండి. డబ్బా గడువు తేదీ చూడండి. మూత తీశాక ఎన్నాళ్లు వాడొచ్చో కూడా దాని మీదే ఉంటుంది, కాబట్టి మూత తీసిన రోజున తేదీ రాసి అంటించండి. డబ్బాను స్నానాలగదిలో గానీ ఫ్రిజ్‌లో గానీ పెట్టొద్దు, తేమకు స్ట్రిప్‌లు పాడవుతాయి. లోపల ఉండే చిన్న తేమ పీల్చే పొట్లాన్ని పారేయొద్దు. ఖర్చు కలిసొస్తుందని స్ట్రిప్‌ను నిలువుగా కత్తిరించి వాడేవాళ్లున్నారు. సగం స్ట్రిప్ సన్నగా ఉండి మూత్రం ఒక్క వైపే అంటితే చదవడం కష్టం. తప్పనిసరైతే పొడి చేతులతో, శుభ్రమైన కత్తెరతో, అప్పటికప్పుడు కత్తిరించుకోండి.

ఇంటి పరీక్ష మీద అనుమానం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు పొద్దుటి మూత్రాన్ని ఇంట్లో ఒకసారి చూసి, మిగతాది ల్యాబ్‌లో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తికి ఇవ్వండి. క్రియాటినిన్ అంటే కిడ్నీలు మూత్రంలోకి పంపేసే ఒక వ్యర్థపదార్థం. ఆ నిష్పత్తి మిల్లీగ్రాముకు మిల్లీగ్రాము లెక్కన 0.2 లోపు ఉంటే ప్రొటీన్ పోవడం ఆగినట్టు, 2 దాటితే జబ్బు బలంగా ఉన్నట్టు. ఇంట్లో మీరు చదివిన ప్లస్సులు దానికి దగ్గరగా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది.

4. నోట్‌బుక్‌లో రాయండి, అదే రోజు

ఒక్కో రోజుకు ఒక్కో వరస. తేదీ, ప్రొటీన్, బరువు, స్టెరాయిడ్ ఎన్ని మిల్లీగ్రాములు ఇచ్చారు, మిగతా మందులు, చివర ఖాళీ గడి. ఆ ఖాళీ గడిలో జలుబు, జ్వరం, వాంతి, టీకా, ఊరు వెళ్లడం లాంటివి రాయండి. ఉదాహరణకు "17, 1+, 15.2 కిలోలు, 20 మిల్లీగ్రాములు, ముక్కు కారుతోంది" అంటే చాలు.

ఈ నోట్‌బుక్ గురించి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. డాక్టర్ మందు తగ్గించాలా, పెంచాలా, వేరే మందు కలపాలా అని నిర్ణయించేది దీన్ని చూసే. ఏ మోతాదుకు దిగినప్పుడు జబ్బు తిరగబెడుతోందో రెండు మూడు పేజీలు తిప్పితే కనబడుతుంది. ఫలానా నెలలో వాపు వచ్చిందని గుర్తు మీద చెప్పే మాటలో ఆ సమాచారం ఉండదు. పరీక్ష చేయని రోజున నిల్ అని నింపకండి, గీత పెట్టి వదిలేయండి. తప్పుడు నిల్ ఖాళీ గడి కంటే ప్రమాదం.

తగ్గాక కూడా రోజూ చూడాలా అని అడుగుతారు. మొదటి ఏడాదిలో, మందు తగ్గిస్తున్న రోజుల్లో, జలుబు, జ్వరం ఉన్నప్పుడు రోజూ చూడాలి. చాలాకాలం నిల్‌గా ఉన్న పిల్లలకు వారానికి రెండు మూడు రోజులు చాలని మీ డాక్టర్ చెప్పొచ్చు. ఆ మాట వాళ్ల నోట వచ్చేదాకా మీరుగా తగ్గించుకోవద్దు.

5. బరువు, వాపు చూడండి

పొద్దున మూత్రం పోశాక, ఏమీ తినకముందు, పల్చటి బట్టలతో తూచండి. ఒంటికి నీరు పట్టేటప్పుడు కళ్లకు కనిపించేలోపే బరువు పెరుగుతుంది. రెండు మూడు రోజుల్లో అరకిలో, కిలో పెరిగితే అది తిండి వల్ల వచ్చిన బరువు కాదు, నీరు. స్టెరాయిడ్ వల్ల ఆకలి పెరిగి వచ్చే బరువు వారాల తరబడి నెమ్మదిగా ఎక్కుతుంది.

వాపు పొద్దున కళ్ల చుట్టూ, సాయంత్రానికి పాదాల్లో ఎక్కువ కనిపిస్తుంది. కళ్ల వాపును ఎలర్జీ అనుకుని రోజుల తరబడి చుక్కల మందులు వేయడం ఈ జబ్బులో అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో 5 సెకన్లు నొక్కి వదలండి. గుంట పడి నెమ్మదిగా పూడితే నీరు పట్టినట్టు. మేజోళ్ల అంచు గుర్తు లోతుగా పడుతుందా, నడుము దగ్గర బట్టలు బిగుతయ్యాయా, మగపిల్లలకు వృషణాల సంచి ఉబ్బిందా అని కూడా స్నానం చేయించేటప్పుడు చూడండి.

6. స్టెరాయిడ్ సరిగా ఇవ్వండి

మొదటిసారి జబ్బు వచ్చినప్పుడు సాధారణంగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజూ 4 లేదా 6 వారాలు, తర్వాత తగ్గించిన మోతాదు రోజు విడిచి రోజు మరో 4 లేదా 6 వారాలు ఇస్తారు. రోజువారీ మోతాదు శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాములు, అంటే ఇంచుమించు కిలోకు 2 మిల్లీగ్రాములు, ఎంత పెద్ద పిల్లలకైనా 60కి మించకుండా. ఈ అంకెలు డాక్టర్ చీటీ మీకు అర్థం కావడానికి చెప్పాను. ఒంటికి నీరు పట్టిన బరువుతో లెక్క వేస్తే తప్పుతుంది కాబట్టి మోతాదు మీరు కట్టుకోవద్దు.

ఇచ్చేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి.

పొద్దున, కడుపులో కాస్త తిండి పడ్డాక ఇవ్వండి. రాత్రిపూట ఇస్తే నిద్ర పట్టదు. మాత్ర చేదుగా ఉంటుంది. నలిపి ఒక చెంచాడు తీపి పదార్థంలో కలపండి, గిన్నెడు తిండిలో కలపొద్దు. సగం వదిలేస్తే ఎంత మందు లోపలికి వెళ్లిందో ఎవరికీ తెలియదు.

సిరప్ వాడుతుంటే సీసా మారినప్పుడల్లా బలం చూడండి. 5 మిల్లీలీటర్లలో 5 మిల్లీగ్రాములు ఉండే సీసా ఒకటి, 15 మిల్లీగ్రాములు ఉండే సీసా ఒకటి. పాత లెక్కనే కొలిస్తే మూడింతలు ఎక్కువో, మూడో వంతో వెళుతుంది. వంటింటి చెంచా వద్దు, సూది లేని సిరంజితో కొలవండి.

రోజు విడిచి రోజు ఇచ్చేటప్పుడు కొందరు "బేసి తేదీల్లో ఇస్తాం" అని పెట్టుకుంటారు. నెలకు 31 రోజులుంటే 31, 1 రెండూ బేసి తేదీలే, వరుసగా రెండు రోజులు పడుతుంది. సరి తేదీల్లో ఇచ్చేవాళ్లకు అక్కడే రెండు రోజులు వరసగా ఖాళీ వస్తుంది. క్యాలెండర్‌లో ముందే ఇచ్చే రోజులన్నిటికీ సున్నా చుట్టి పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

మందు వేసిన కొద్దిసేపటికే వాంతి అయితే మళ్లీ వేయాలా అన్నది డాక్టర్‌ను ముందే అడిగి చీటీ మీద రాయించుకోండి. వరుసగా వాంతులవుతూ మందు నిలవకపోతే అది ఆసుపత్రికి వెళ్లాల్సిన పరిస్థితి. ఎందుకంటే కొన్ని వారాలు స్టెరాయిడ్ వాడిన ఒంట్లో కార్టిసోల్ అనే సొంత స్టెరాయిడ్ హార్మోన్ తయారీ మందగిస్తుంది. బయటి నుంచి వచ్చే మందు ఒక్కసారి ఆగిపోతే బీపీ, చక్కెర పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. వాపు తగ్గిందని, బుగ్గలు ఉబ్బాయని, చుట్టుపక్కలవాళ్లు భయపెట్టారని స్టెరాయిడ్‌ను మీరుగా ఆపకూడదు అనేది ఇందుకే. పెద్ద జ్వరం, ఆపరేషన్, ప్రమాదం లాంటివి వచ్చినప్పుడు స్టెరాయిడ్ వాడుతున్న, లేదా ఈమధ్యే ఆపిన బిడ్డ అని తప్పక చెప్పండి, అదనపు మోతాదు అవసరం కావచ్చు.

ముఖం గుండ్రంగా అవడం, ఆకలి, చిరాకు, ఊరికే ఏడవడం చాలామందిలో కనిపిస్తాయి. మోతాదు తగ్గాక తగ్గిపోతాయి. అల్లరి ఎక్కువైందని ఈ రోజుల్లో బిడ్డను కొట్టకండి, తిట్టకండి, అది మందు చేయించే పని. ఎత్తు పెరగడం, బీపీ, కళ్లలో శుక్లాలు, చక్కెర మాత్రం డాక్టర్ క్రమం తప్పకుండా చూడాల్సినవి. ప్రతి విజిట్‌లో ఎత్తు కొలిచారా అని మీరు అడగండి.

7. తిరగబెట్టిందని ఎలా తెలుసుకోవాలి, ఏం చేయాలి

పొద్దుటి మూత్రంలో వరుసగా 3 రోజులు 3+ లేదా అంతకంటే ఎక్కువ వస్తే తిరగబెట్టినట్టు లెక్క. వరుసగా 3 రోజులు నిల్ లేదా ట్రేస్ వస్తే తగ్గినట్టు లెక్క. ఈ రెండు వాక్యాలు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.

జలుబు చేసినప్పుడు ఒకటి రెండు రోజులు 1+, 2+ కనిపించి దానంతటదే పోవడం తరచుగా జరుగుతుంది. అప్పుడు స్టెరాయిడ్ మొదలుపెట్టొద్దు, రోజూ చూస్తూ ఉండండి. కానీ వాపు కనిపిస్తే 3 రోజులు నిండేదాకా ఆగక్కర్లేదు, 2+ ఉన్నా ఫోన్ చేయండి. తిరగబెట్టడం ఖాయమైతే సాధారణంగా మూడు రోజులు నిల్ వచ్చేదాకా రోజూ పూర్తి మోతాదు, ఆ తర్వాత తగ్గించి రోజు విడిచి రోజు 4 వారాలు ఇస్తారు. పాత చీటీ చూసి మీరే మొదలుపెట్టొచ్చా అన్నది డాక్టర్‌తో ముందే మాట్లాడుకోండి. కొందరు డాక్టర్లు అలా అనుమతిస్తారు. అప్పుడు కూడా అదే రోజు వాళ్లకు తెలియజేయాలి.

తిరగబెట్టిన జబ్బును వాపు రాకముందే పట్టుకుంటే చాలావరకు ఇంట్లోనే తగ్గిపోతుంది. పొట్ట నిండా నీరు చేరాక పట్టుకుంటే ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. రోజూ పొద్దున ఒక స్ట్రిప్ ఖర్చు పెట్టేది ఈ తేడా కోసమే.

8. ఇన్ఫెక్షన్లు, టీకాలు

మూత్రంలో అల్బుమిన్‌తో పాటు ఒంటిని కాపాడే యాంటీబాడీలు కూడా పోతాయి, పైగా స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్లు రాకముందు ఈ పిల్లల్లో చాలామంది చనిపోయింది కిడ్నీ పాడై కాదు, ఇన్ఫెక్షన్లతో.

న్యూమోకాకల్ టీకా, ఏటా ఇచ్చే ఫ్లూ ఇంజెక్షన్ ఈ పిల్లలకు ముఖ్యం. తట్టు, ఆటలమ్మ టీకాల్లాంటి బతికున్న సూక్ష్మజీవితో చేసిన టీకాలు ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు వేయకూడదు. టీకా వేసే చోట స్టెరాయిడ్ సంగతి మీరు చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు. ఇంట్లో మిగతా పిల్లలకు టీకాలన్నీ పూర్తయ్యాయో లేదో చూసుకోండి.

ఆటలమ్మ వచ్చిన పిల్లలతో మీ బిడ్డ ఆడుకున్నట్టు తెలిస్తే పొక్కులు వచ్చేదాకా చూడకండి. అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. ఆ పిల్లలతో కలిసిన తొలి రోజుల్లోనే రక్షణ మందు ఇస్తే బాగా పనిచేస్తుంది.

జ్వరానికి పారాసెటమాల్ వాడండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి హాని చేయగలవు, డాక్టర్ చెప్పందే వద్దు. కిడ్నీని శుభ్రం చేస్తాయని చెప్పే పొడులు, కషాయాలు కూడా వద్దు. వాటిలో ఏమేం కలిపారో తెలియదు, కొన్నిటిలో కిడ్నీని దెబ్బతీసే లోహాలు ఉంటాయి.

9. తిండి, ఆట, బడి

వాపు ఉన్న రోజుల్లో ఉప్పు తగ్గించాలి. తినేటప్పుడు పైన చల్లుకునే ఉప్పు, ఉప్పు పట్టిన నిల్వ పదార్థాలు, ప్యాకెట్ చిరుతిళ్లు మానేయండి. ఉప్పుకు బదులు అమ్మే "తక్కువ సోడియం" ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది, డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు. మూత్రంలో పోతోంది కదా అని ప్రొటీన్ పొడులు పెట్టక్కర్లేదు, కిడ్నీ జబ్బు కదా అని ప్రొటీన్ పూర్తిగా మాన్పించక్కర్లేదు. వయసుకు తగ్గ మామూలు తిండే. నీళ్లు కట్టడి చేయడం డాక్టర్ చెప్పినప్పుడు మాత్రమే.

వాపు తగ్గాక ఆటలకు, బడికి అడ్డేమీ లేదు. బడిలో క్లాస్ టీచర్‌కు మందు పేరు, ఆటలమ్మ సంగతి చెప్పి ఉంచండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

- కడుపునొప్పి, ముఖ్యంగా జ్వరంతో. పొట్టలో చేరిన నీటికి ఇన్ఫెక్షన్ సోకి ఉండొచ్చు.
- 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు లేదా వాపు ఉన్నప్పుడు.
- చేతులు కాళ్లు చల్లబడి, మత్తుగా ఉండి, మూత్రం బాగా తగ్గడం. ఒంటి నిండా వాపున్నా రక్తనాళాల్లో మాత్రం నీరు తక్కువై ఇలా అవుతుంది. ఈ స్థితిలో ఇంట్లో ఉన్న మూత్రం జారీ చేసే మాత్ర వేస్తే ఇంకా ప్రమాదం.
- ఒక్క కాలే వాచి నొప్పి పెట్టడం, తీవ్రమైన తలనొప్పి, మూర్ఛ, ఊపిరాడకపోవడం. ఈ జబ్బులో రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది.
- మూత్రం ఎర్రగా లేదా ముదురు గోధుమ రంగులో రావడం.

పదే పదే తిరగబెడుతుంటే, స్టెరాయిడ్‌కు లొంగకపోతే

ఏడాదిలో 3 సార్లు లేదా అంతకంటే ఎక్కువ తిరగబెట్టినా, మందు తగ్గించగానే లేదా ఆపిన రెండు వారాల్లోపే తిరగబెట్టినా స్టెరాయిడ్ భారం తగ్గించే మందులు కలుపుతారు. లెవామిసోల్, మైకోఫెనొలేట్, సైక్లోఫాస్ఫమైడ్, సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్, రిటుక్సిమాబ్ వీటిలో ముఖ్యమైనవి. పేర్లు విని బెదరకండి. చాలామందికి వీటితో తిరగబెట్టడం తగ్గి, స్టెరాయిడ్ తక్కువలోకి వస్తుంది, ఎత్తు పెరగడం మళ్లీ గాడిలో పడుతుంది.

ఒక్కో మందుకు ఒక్కో జాగ్రత్త. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వాడేవాళ్లు రక్తంలో మందు స్థాయి చూసే రోజున పొద్దుటి మోతాదు వేయకుండా వెళ్లాలి. రక్తం ఇచ్చాక అక్కడే వేయండి. మందు వేసుకుని వెళితే అంకె ఎక్కువ వచ్చి అనవసరంగా మోతాదు తగ్గించేస్తారు, జబ్బు తిరగబెడుతుంది. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఈ మందుల స్థాయిని పెంచేస్తాయి కాబట్టి జలుబుకు వేరే డాక్టర్ మందు రాసినా బిడ్డ టాక్రోలిమస్ లేదా సైక్లోస్పోరిన్ వాడుతున్నట్టు చెప్పాలి. లెవామిసోల్, సైక్లోఫాస్ఫమైడ్ వాడేటప్పుడు తెల్లరక్తకణాల లెక్క చూసే తేదీలు తప్పించకండి. మైకోఫెనొలేట్ గర్భంలోని శిశువుకు హాని చేస్తుంది, ఎదిగిన ఆడపిల్లకు ఈ విషయం స్పష్టంగా తెలిసి ఉండాలి.

స్టెరాయిడ్ రోజూ 4 నుంచి 6 వారాలు ఇచ్చినా ప్రొటీన్ ఆగకపోతే దాన్ని స్టెరాయిడ్‌కు లొంగని రకం అంటారు. అప్పుడు కిడ్నీ బయాప్సీ (కిడ్నీలోంచి సన్నటి ముక్క తీసి చూసే పరీక్ష), వీలైతే జన్యు పరీక్ష చేయిస్తారు. వయసు ఏడాది లోపున్నా, 12 ఏళ్లు దాటాక మొదలైనా, బీపీ ఎక్కువగా ఉన్నా, మూత్రం ఎర్రగా వస్తున్నా బయాప్సీ ముందే అడగొచ్చు. ఈ రకంలో భవిష్యత్తు అందరికీ ఒకేలా ఉండదు. టాక్రోలిమస్ లేదా సైక్లోస్పోరిన్‌తో ప్రొటీన్ ఆగినా, బాగా తగ్గినా కిడ్నీ ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఏ మందుకూ లొంగనివాళ్లలో చాలామందికి కాలక్రమంలో కిడ్నీలు దెబ్బతిని డయాలిసిస్, కిడ్నీ మార్పిడి అవసరమవుతాయి. మార్పిడి తర్వాత కొందరికి కొత్త కిడ్నీలో కూడా జబ్బు తిరిగి వస్తుంది. జన్యు కారణంతో వచ్చినవాళ్లలో ఆ ముప్పు చాలా తక్కువ, వాళ్లకు రోగనిరోధక శక్తిని అణచే మందులు ఎక్కువకాలం వాడి లాభం కూడా తక్కువ. జన్యు పరీక్ష ఖరీదైనా అడిగి తెలుసుకోమనేది అందుకే.

ఈ దశలో ఉన్న తల్లిదండ్రులు డాక్టర్‌ను సూటిగా అడగాల్సినవి మూడు: బయాప్సీలో ఏం కనిపించింది, ఇప్పుడు ఇస్తున్న మందు పనిచేసిందో లేదో ఎన్ని నెలల్లో తేలుస్తారు, రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉంది, పెరుగుతోందా తగ్గుతోందా. జవాబులు నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి.

బిడ్డ 10, 12 ఏళ్లకు వచ్చాక స్ట్రిప్ ముంచడం, రాయడం నెమ్మదిగా తనకే అప్పగించండి. మొదట మీ ఎదురుగా చేయించండి, తర్వాత తను చదివిన అంకెను మీరు సరిచూడండి. టీనేజీలో ముఖం ఉబ్బుతోందని మందు దాచేసేవాళ్లు ఉంటారు. వారానికోసారి మాత్రలు లెక్కపెట్టండి, ఎందుకు లెక్కపెడుతున్నారో కూడా తనకు చెప్పే చేయండి.